ఊయలలో నేర్చుకున్న తమిళం

పెళ్ళయిన కొత్తలో అత్తవారింట్లో ఉండగా అతనికి ఆ పేరు పడింది. మామగారు వీధి తలుపు గడియ వేసి వెళ్ళి పడుకుంటే, కొత్తల్లుడు లేచి వెళ్ళి ఆ గడియను ఓసారి లాగి చూసి వచ్చేవాడు. పొయ్యి కట్టేశారా అని అత్తగారిని అడిగేవాడు. కట్టేశాను నాయనా అని ఆవిడ చెప్పాక కూడా వంటింట్లోకి తొంగిచూసేవాడు. "మా బావ ఉత్త అనుమానపు పక్షి" అన్నాడు బావమరిది ఓ రోజు అందరి ముందూ. పిలవగా పిలవగా ముందున్న అనుమానం అరిగిపోయి పక్షి ఒక్కటే మిగిలింది. ఇంట్లో పక్షి బావ, పనిలో వట్టి పక్షి.

చేసే పనికి కూడా ఆ పేరు అతికినట్టు సరిపోయింది. పొడుగాటి భవనాలకు బయటినుంచి అద్దాలు తుడవడం అతని ఉద్యోగం. డాబా మీద బిగించిన ఇనప దూలాల నుంచి ఉక్కు తాళ్ళు దిగుతాయి. వాటికి వేలాడే పొడుగాటి తొట్టిని పనివాళ్ళు ఊయల అంటారు. ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు నిలబడతారు. ఎవరి మోటారు వారి చేతిలో ఉంటుంది. ఇద్దరూ కలిసి మీట నొక్కితే ఊయల బల్లపరుపుగా దిగుతుంది. ఒకడు ముందు నొక్కాడంటే సబ్బునీళ్ళ బకెట్టు జారుకుంటూ వచ్చి వాడి కాళ్ళ మీదే బోర్లా పడుతుంది. అందుకని ఆ పనిలో ఇద్దరికీ పొత్తు కుదరడం ముఖ్యం. ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకపోయినా ఓ పూట గడుస్తుంది గానీ, ఊయలలో గడవదు.

చాలా ఏళ్ళు అవతలి చివర బావమరిదే ఉండేవాడు. అతనికి పెళ్ళి కుదిరేసరికి కాబోయే అత్తగారు, అల్లుడు గాల్లో వేలాడే పని మానాలని పట్టుబట్టింది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో చేరిపోయాడు. "ఇన్నాళ్ళూ భవనం బయట ఎక్కాను బావా, ఇక లోపల ఎక్కుతాను" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. పక్షికి నవ్వు రాలేదు. బావమరిది చెయ్యి ఎప్పుడు మీట మీదికి వెళ్తుందో అతనికి చూడకుండానే తెలిసేది. ఇప్పుడు ఎవడొస్తాడో, ఎలాంటివాడో?

మేస్త్రి ఒకాయన్ని తీసుకొచ్చి నిలబెట్టాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. నెరిసిన మీసం, భుజం మీద నాలుగు మడతల తువ్వాలు. వయసులో పక్షికన్నా పెద్దవాడు. తోటి తమిళ పనివాళ్ళంతా ఆయన్ని అణ్ణ అని పిలిచేవారు కాబట్టి అందరికీ అణ్ణే అయ్యాడు.

"మనిషి మంచోడు, పని తెలిసినోడు. తెలుగు మాత్రం రాదు" అన్నాడు మేస్త్రి.

"నాకు తమిళం రాదు కదా మేస్త్రీ! ఎలా?"

"అద్దానికి ఏ భాషా రాదయ్యా. వెళ్ళి తుడవండి."

మొదటి రోజే పక్షికి ఒళ్ళు మండింది. నడుముకు బెల్టు కట్టుకుని, కొక్కేన్ని డాబా నుంచి విడిగా దిగే ప్రాణతాడుకు తగిలించి, తన అలవాటు ప్రకారం లాగి చూసుకుని అతను ఊయలలోకి కాలు పెట్టబోతుంటే, అణ్ణ వచ్చి ఆ కొక్కేన్ని మళ్ళీ పట్టుకుని గట్టిగా లాగి చూశాడు. చూసి, తన చివరకు వెళ్ళి, మీట మీద చెయ్యి వెయ్యకుండా కాసేపు నిలబడ్డాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. లోకంలో ప్రతి గడియనూ లాగి చూసిన పక్షికి, ఎవరైనా వచ్చి తనను లాగి చూస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. 'నేను కట్టుకున్నది నమ్మడా ఈయన? నాకేం కొత్తా?' అని లోలోపల ఉడికిపోయాడు.

దానికి తోడు ఆయన మాటలు. ఓ మధ్యాహ్నం ఎండ అద్దాల మీద పడి మొహాలు మాడ్చేస్తుంటే, అణ్ణ తువ్వాలుతో నుదురు తుడుచుకుంటూ "ముడియల, ముడియల" అన్నాడు. పక్షి చెవిన ముడి అన్న ముక్కే పడింది. చేతిలో ఉన్న స్పాంజి బకెట్లో పారేసి, తన ప్రాణతాడు, ఆయన ప్రాణతాడు, బకెట్టు తాడు, దొరికిన ప్రతి ముడినీ తడిమి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అణ్ణ అతన్ని విచిత్రంగా చూశాడు. అతను అణ్ణను అనుమానంగా చూశాడు. తమిళంలో ముడియల అంటే 'నావల్ల కావడంలేదు' అని చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఆ వారంలోనే టీ తాగే వేళ అసలు సంగతి జరిగింది. డాబా నీడలో తమిళ పనివాళ్ళు నలుగురూ కూర్చుని కబుర్లాడుతున్నారు. పక్షి కాస్త ఎడంగా, నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. అణ్ణ అతని వైపు వేలు చూపించి, వాళ్ళతో ఏదో చెప్పాడు. అందులో చివరి మాటలు స్పష్టంగా వినిపించాయి.

"ఇవరు నంబ ఆళు. సందేగమే వేండాం."

నలుగురూ అతని వైపు తిరిగి చూశారు. చూసి, నవ్వారు.

పక్షి చేతిలో టీ చల్లారిపోయింది. నమ్మటం, ఆలు, సందేహం. మూడూ తెలుగు మాటల్లాగే ఉన్నాయి. ఆలు అంటే పెళ్ళాం కదా! ఈయనకు నా పెళ్ళాం సంగతి ఎందుకు? నమ్మడమేంటి, సందేహమేంటి? ఆ మిగతా పూటంతా అతను ఒకే అద్దాన్ని పదే పదే తుడిచాడు. ఆ అద్దం వెనక కూర్చున్న గుమాస్తా విసుగొచ్చి తెర లాగేసుకున్నాడు.

*

పక్షి భార్య ఊరి చివర పెద్ద లాండ్రీలో పనిచేస్తుంది. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు కుప్పలుగా వస్తాయి. ఉతికి ఆరిన దుప్పటిని ఇద్దరు పట్టుకుని మడత పెట్టాలి. ఆవిడకు ఎదురుగా దుప్పటి రెండో అంచు పట్టుకునేది ఒక తమిళావిడ. రోజంతా దుప్పటికి అటూ ఇటూ నిలబడి, దగ్గరికొచ్చి, దూరంగా జరిగి, మళ్ళీ దగ్గరికొచ్చి మడతలు వేస్తూ ఇద్దరూ ఒకరి భాష ఒకరు చాలావరకు పట్టేశారు. ఈ సంగతి పక్షికి తెలుసు గానీ, ఆడవాళ్ళ కబుర్లే కదా అని ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం అతను బూట్లు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ కూర తరుగుతూ ఓ కంట కనిపెట్టింది.

"ఏవండీ, ఏమైంది? మొహం అలా వేలాడేసుకుని వచ్చారు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే బూట్లతో ఇల్లంతా తొక్కరుగా. చెప్పండి."

కాసేపు నసిగి, చివరికి అడిగేశాడు. "నువ్వు మా అణ్ణకు తెలుసా?"

"మీ అణ్ణ ఎవరో నాకేం తెలుసు! ఎందుకు?"

"నీ గురించి నలుగురిలో ఏదో అన్నాడు. నమ్మే ఆలు అట. సందేహం అట. వాళ్ళంతా నవ్వారు కూడా."

ఆవిడ కత్తిపీట పక్కకు జరిపింది. "అన్న మాట అన్నట్టు చెప్పండి."

చెప్పాడు. ఆవిడ ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత కొంగు కూడా ఆపలేకపోయింది. పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుంది. "అయ్యో రామా! నంబ అంటే 'మన' అండీ. ఆళు అంటే మనిషి. 'ఈయన మన మనిషి, అనుమానమే అక్కర్లేదు' అన్నాడాయన. మిమ్మల్ని మెచ్చుకుంటుంటే మీరు నన్ను తీసుకెళ్ళి మధ్యలో నిలబెట్టారు!"

పక్షి బూట్ల తాళ్ళ మీదికి వంగాడు. "మరి నవ్వారు కదా?"

"మనవాడు అన్నాక మొహం చూసి నవ్వకుండా ఏడుస్తారా?"

అతను నెమ్మదిగా బూట్లు విప్పాడు. విప్పి, గుమ్మం దగ్గర సరిగ్గా పెట్టాడు. సిగ్గుతో పాటు ఏదో చల్లగా కూడా అనిపించింది. ఎంతోకాలంగా కలిసి పనిచేసినవాళ్ళు సైతం తనను మనవాడు అన్నట్టు గుర్తు లేదు. పక్షి అన్నారు, అంతే.

"నాకు కూడా నాలుగు ముక్కలు నేర్పకూడదూ" అన్నాడు.

"దేనికి, ఆయన మీద నిఘా వెయ్యడానికా?"

"కాదే. ఊరికే."

అలా మొదలైంది చదువు. సాయంత్రం పూట వంట అవుతుంటే ఆవిడ చెప్పేది, అతను గుమ్మంలో కూర్చుని అప్పజెప్పేవాడు. అతను అడిగేవి కూడా అతని లాంటివే. అన్నం, నీళ్ళు, బస్సు ఇలాంటివి వద్దట. నమ్మడం ఎలా చెప్పాలి, అనుమానం ఎలా చెప్పాలి, ఒట్టు ఎలా వేయాలి, అదే కావాలి.

"నంబు అంటే నమ్ము. పెద్దవాళ్ళతో అయితే నంబుంగ. నంబిక్కై అంటే నమ్మకం. సందేగం అంటే సందేహం, అనుమానం రెండూ అదే."

"మరి మన నంబ?"

"అదీ నంబే, ఇదీ నంబే. 'నంబ వీడు' అంటే మన ఇల్లు. 'నంబ ముడియల' అంటే నమ్మలేకపోతున్నాను."

"ముడి!" అని ఎగిరి కూర్చున్నాడు పక్షి. ఆ ఎండ మధ్యాహ్నం సంగతి చెబితే ఆవిడ మళ్ళీ పొయ్యి కట్టేసి నవ్వాల్సి వచ్చింది.

మర్నాడు ఊయలలో ధైర్యం చేసి మొదటి వాక్యం వదిలాడు. "అణ్ణే, ఉంగ మేల అనుమానం ఇల్ల." మీ మీద నాకు అనుమానం లేదని చెప్పానని అతని సంబరం. అణ్ణ ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత తల గోక్కున్నాడు, తర్వాత మర్యాదగా నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే భార్య నెత్తి కొట్టుకుంది. "అనుమానం అంటే తమిళంలో ఊహ, అంచనా. మీ మీద నాకు ఊహ లేదు అన్నారు మీరు. సందేగం అనాలి అని ఎన్నిసార్లు చెప్పాను?"

"చూడబోతే నాకు తెలిసిన మాటే నన్ను ముంచేట్టుంది" అన్నాడు అతను.

ఇంకో సాయంత్రం ఆవిడ రెండు మాటలు పక్కపక్కన పెట్టి చెప్పింది. "పాక్కలాం అంటే చూద్దాం. మీ మేస్త్రిని సెలవడిగితే చెప్తాడే, ఆ చూద్దాం. అవుననీ కాదు, కాదనీ కాదు. పాత్తుక్కలాం అంటే చూసుకుందాంలే అని. ధైర్యం చెప్పేటప్పుడు అంటారు. మొదటిదాన్ని నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. రెండోదాన్ని పట్టుకుని ఒడ్డెక్కొచ్చు."

"మనకూ అంతేగా. చూద్దాం, చూసుకుందాం."

"అదే కదా నేను చెప్పేది. ఇంత దగ్గర భాషకు మీరు ఇంత భయపడ్డారు." ఆవిడ గరిటె తిప్పుతూ ఒక్క క్షణం ఆగింది. కొంటెగా చూసింది. "ఇప్పుడు పెద్ద వాక్యం. బాగా నోటికి రావాలి. ఎన్ పొండాట్టి మేల ఎనక్కు సందేగమే ఇల్ల."

"అంటే?"

"ముందు అనండి, తర్వాత చెప్తా."

అతను అన్నాడు. ఆవిడ మళ్ళీ మళ్ళీ అనిపించింది. పాఠం తడబడకుండా వచ్చేదాకా వదల్లేదు. అప్పుడు చెప్పింది. "నా పెళ్ళాం మీద నాకు అనుమానమే లేదు, అని. ఇక అన్నం పెడతాను రండి."

భాష పెరిగేకొద్దీ కోపం తగ్గింది. కొక్కెం ఎందుకు లాగుతారని ఓ పొద్దున సగం మాటలు, సగం సైగలతో అడిగాడు. అణ్ణ తన కొక్కేన్ని చూపించి, పక్షి చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. నువ్వూ లాగి చూడు అని అర్థం. ఇన్నాళ్ళూ ఆయన తన చివరకు వెళ్ళి నిలబడి ఎందుకు ఆగేవాడో పక్షికి అప్పుడు వెలిగింది. తన వంతు వస్తుందని ఎదురుచూసేవాడన్నమాట. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకరి కొక్కెం ఒకరు లాగి చూసుకున్నాకే ఊయల కదిలేది.

*

ఆ పొద్దున గాలి లేదు, ఎండ నీరెండ. డాక్టర్ల గదులుండే భవనం అది. పక్షి ఎప్పటిలాగే పనికి ముందు మోటార్ల పక్కనుండే చేతి పిడులను కూడా చూసుకున్నాడు. కరెంటు పోతే ఊయలను చేత్తో దించుకోవడానికి రెండు చివర్లా ఒక్కో పిడి ఉంటుంది. పైకి ఎత్తి పట్టుకుంటే తొట్టి తన బరువుకు తాను నెమ్మదిగా దిగుతుంది, వదిలితే ఆగిపోతుంది. వాడే అవసరం దాదాపు రాదు. "దాన్ని రోజూ ఎందుకయ్యా కదుపుతావ్, పనిలేదా?" అని మేస్త్రి ఎన్నోసార్లు విసుక్కున్నాడు. పక్షి మాత్రం ఒక్కో పిడినీ ఎత్తి ఆ చివరను జానెడు దించి చూసి, నూనె చుక్క వేసి, అప్పుడే అణ్ణను పిలిచేవాడు.

సగం ఎత్తుకు దిగి, పళ్ళ డాక్టరు గది అద్దం తుడుస్తున్నారు. లోపల కుర్చీలో ఒక లావుపాటి ఆయన నోరు బార్లా తెరుచుకుని పడుకున్నాడు. కళ్ళు మాత్రం వీళ్ళ మీదే ఉన్నాయి. అణ్ణ ఆయనకు దణ్ణం పెట్టాడు. తిరిగి పెట్టే వీలు ఆయనకు లేదు. ఈ గది అయిపోయింది, కిందికి దిగుదామని ఇద్దరూ మీట నొక్కారు. ఊయల కదల్లేదు. లోపల డాక్టరు తల మీది దీపం కూడా ఆరిపోయింది.

పైనుంచి మేస్త్రి ఫోన్ చేశాడు. "భవనం మొత్తానికి కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందో చెప్పలేమంటున్నారు. చేతి పిడితో దిగిపోండి. కంగారేం లేదు."

పక్షి సంగతి చెప్పడానికి తిరిగి చూసేసరికి, అణ్ణ తొట్టిలో కింద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో కడ్డీని పట్టుకున్నాడు. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నాళ్ళూ రాయిలా నిలబడ్డ మనిషి ఆయన.

"అణ్ణే?"

అణ్ణ అరచేయి చాపి బల్లపరుపుగా పట్టుకున్నాడు. అదే ఊయల. దాని ఒక అంచును నెమ్మదిగా కిందికి దించాడు, రెండో అంచు అక్కడే ఉంది. అరచేయి నిలువుగా అయిపోయింది. దాని అంచున రెండో చేతి వేలొకటి వేలాడింది. తర్వాత ఆ వేలును తన గుండెకు ఆనించాడు. మాటలతో పని లేకుండా పక్షికి అంతా అర్థమైంది. ఎప్పుడో ఎక్కడో ఒకవైపు పిడి పనిచేసి, రెండో వైపుది తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆ రోజు బెల్టుకు వేలాడింది ఈయనే.

"బయమా ఇరుక్కు, తంబి" అన్నాడు అణ్ణ, చాలా చిన్న గొంతుతో.

పక్షి తన చివర కడ్డీ పట్టుకుని మోకాళ్ళ మీద వంగాడు. వచ్చిన తమిళమంతా ఒక్కసారి నాలుక మీదికి తోసుకొచ్చింది. "అణ్ణే, కాలైల నాన్ పాత్తేన్. రెండు పక్కముం పాత్తేన్." పొద్దున చూశాను, రెండు పక్కలా చూశాను. "నంబుంగ."

అణ్ణ తల అడ్డంగా ఊపాడు. "నంబ ముడియల."

ఈసారి పక్షి ముడుల కోసం వెతకలేదు.

"సత్తియమా, అణ్ణే! సందేగమే వేండాం. కణ్ణ మూడిట్టు నంబలాం." ఒట్టు వేశాడు, అనుమానం వద్దన్నాడు, కళ్ళు మూసుకుని నమ్మొచ్చన్నాడు. అణ్ణ కదల్లేదు. మాటల మూట ఖాళీ అయిపోతోంది. ఇంకేం మిగిలాయి? ఒక వాక్యం మిగిలింది. బాగా నోటికొచ్చిన వాక్యం. అది ఏమిటో ఆలోచించేలోపే గట్టిగా బయటికొచ్చేసింది.

"ఎన్ పొండాట్టి మేల ఎనక్కు సందేగమే ఇల్ల!"

అణ్ణ తల ఎత్తాడు. అద్దం వెనక నోరు తెరుచుకున్న ఆయన కూడా తల కాస్త ఎత్తినట్టే కనిపించింది.

"ఎన్న తంబి?"

పక్షి చెవులు ఎర్రబడ్డాయి. "ఎన్ పొండాట్టి..." అని మళ్ళీ మొదలుపెట్టి ఆగిపోయాడు. అణ్ణ మీసం వణికింది. ముందు అది భయమేమో అనుకున్నాడు పక్షి. కాదు. నవ్వు. కడ్డీ వదిలేసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, అణ్ణ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏదో అడిగాడు. అందులో పొండాట్టి అన్న మాట ఉంది, బహుశా ఆవిడ సంగతి ఇక్కడెందుకయ్యా అని కావచ్చు. పక్షికీ నవ్వాగలేదు. ఊయల కాస్త ఊగింది. ఇద్దరూ ఠక్కున నవ్వాపి కడ్డీ పట్టుకున్నారు. మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

నవ్వు ఒడిసిపోయాక అణ్ణ లేచి నిలబడ్డాడు. చెయ్యి పిడి మీద పెట్టి, ఊపిరి వదిలి, "సరి. పాక్కలాం" అన్నాడు.

"పాక్కలాం ఇల్ల, అణ్ణే" అన్నాడు పక్షి. "పాత్తుక్కలాం."

అణ్ణ అతని వైపు చూసి తల ఊపాడు. "ఆమా. పాత్తుక్కలాం."

ఇద్దరూ కలిసి పిడులు ఎత్తారు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత నూనె వేసిన ఇనుము మెత్తగా మూలిగి, ఊయల రెండు వైపులా ఒకేలా, బకెట్టులో నీళ్ళు తొణక్కుండా కిందికి జరిగింది. "మెదువా, మెదువా" అంటున్నాడు అణ్ణ. "మెల్లగా, మెల్లగా" అంటున్నాడు పక్షి. పళ్ళ డాక్టరు గది పైకి వెళ్ళిపోయింది. కింది గదిలో కళ్ళజోళ్ళు సర్దుకుంటున్న ఒకమ్మాయి, తన అద్దం ముందునుంచి ఇద్దరు మనుషులు ఒకరినొకరు బుజ్జగించుకుంటూ దిగిపోవడం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అణ్ణ నేల మీద కాలు పెట్టాడు. ముందు తన బెల్టు విప్పుకున్నాడు. తర్వాత పక్షి దగ్గరికి వచ్చి, కొక్కెం లాగి చూసే ఆ చేతితోనే అతని భుజం పట్టుకుని గట్టిగా ఊపాడు.

మేస్త్రి మెట్ల మీదుగా ఆయాసపడుతూ దిగివచ్చాడు. మేస్త్రికి అన్ని భాషల్లోనూ తిట్టడం వచ్చు, ఒకటి రెండింటిలో మాట్లాడటం కూడా వచ్చు. అణ్ణ చెప్పిందంతా విని పక్షి వైపు తిరిగాడు.

"రోజూ ఆ పిడి ఎందుకు కదుపుతావని అడిగాను చూడూ, ఇక అడగను. అసలు ఈయనే కదయ్యా నిన్ను కోరి తీసుకుంది."

"నన్నా?"

"నిన్నే. వచ్చిన కొత్తలో అందర్నీ వాకబు చేశాడు. ప్రతిదీ లాగి చూసే మనిషి ఒకడున్నాడట, పక్షట, నన్ను అతనితో వెయ్యండి అన్నాడు. వేరేవాళ్ళతో ఎక్కను పొమ్మన్నాడు."

అత్తవారింట్లో, పనిలో, బంధువుల్లో, ఆ గుణానికి అందరూ నవ్వినవాళ్ళే. దాన్నే వెతుక్కుంటూ ఒక మనిషి వచ్చాడంటే పక్షికి వింతగా ఉంది. తల దించుకుని, బకెట్టులో నీళ్ళు పారబోసి, దాన్ని ఊరికే కడిగాడు.

ఇంటికి వెళ్ళి భార్యకు అంతా చెప్పాడు, ఒక్క వాక్యం తప్ప. ఆవిడ అదే అడిగింది. "మరి ఏ మాటకు లేచాడాయన?"

"అదేలే, పాత్తుక్కలాం" అన్నాడు. అబద్ధం చెప్పడం అతనికి చేతకాదు. ఆవిడ అలా చూస్తూ ఉండిపోయేసరికి చెప్పక తప్పలేదు. ఆవిడ ఈసారి నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి, వచ్చి, అతని పళ్ళెంలో అడక్కుండానే ఇంకాస్త కూర వేసింది.

*

ఆ తర్వాత అణ్ణకు తెలుగు మీద పట్టుదల పుట్టింది. అద్దం తుడుస్తూనే ఒక్కో మాట అడిగేవాడు. ఓ సెలవు రోజు పక్షి ఆయన్నీ ఆయన భార్యనూ భోజనానికి పిలిచాడు. వచ్చేది మొదటిసారి కాబట్టి ఇంటావిడతో తెలుగులో ఒక మంచి మాట అనాలని అణ్ణ కోరిక. పక్షికి సిగ్గేసింది గానీ, ఆయన వదల్లేదు. తనకు ఊయలలో చెప్పిన మాటే ఆవిడకు చెప్పాలట. కళ్ళు మూసుకుని నమ్మొచ్చు, అదే. అక్షరం అక్షరం అనిపించుకుని, దారి పొడుగునా వల్లించుకుంటూ వచ్చాడు.

బావమరిది కూడా ఆ పూట అక్కను చూడటానికి వచ్చి ఉన్నాడు. పరిచయాలయ్యాయి. అణ్ణ భార్య కబుర్ల మనిషి. చెప్పులు విప్పుతూనే వంటింట్లోకి వెళ్ళి కూర మూత తీసి వాసన చూసింది. అణ్ణ మాత్రం గుమ్మంలోనే నిటారుగా నిలబడ్డాడు. తువ్వాలు సరిచేసుకున్నాడు. రెండు చేతులూ జోడించాడు. పక్షి భార్యను చూస్తూ, ఒక్కో మాటనూ అద్దం తుడిచినంత శ్రద్ధగా పలికాడు.

"అమ్మా, మీ ఆయన్ని కళ్ళు మూసుకుని నమ్మొద్దు."

బావమరిది గోడకు తిరిగిపోయాడు. అతని భుజాలు అదురుతున్నాయి.

"చాలా సంతోషం అన్నయ్యగారూ!" అంది పక్షి భార్య, మొహంలో ఏమీ కనిపించనివ్వకుండా. "ఇన్నేళ్ళ కాపురంలో ఇంత మంచి మాట నాకెవరూ చెప్పలేదు. రండి, కూర్చోండి."

"చ్చు! చ్చు, అణ్ణే!" అని పక్షి తల పట్టుకున్నాడు. "నమ్మొచ్చు!"

"అదుదాన్, నమ్మొద్దు" అన్నాడు అణ్ణ ధీమాగా. అదే కదా నేనన్నది, అని.

వంటింట్లోంచి అణ్ణ భార్య తొంగిచూసింది. పక్షి భార్య ఆవిడ చెవిలో సంగతి చెప్పింది. ఆవిడ గరిటెతో సహా బయటికొచ్చి, గడగడా తమిళంలో మొగుడికి విప్పి చెప్పింది. అణ్ణ మొహం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. రెండు చెంపలూ వేసుకున్నాడు. "మన్నిచ్చిడుంగమ్మా, మన్నిచ్చిడుంగ" అని వేడుకున్నాడు. అప్పటికి పక్షి భార్య కూడా ఆపుకోలేకపోయింది. వడ్డన కాస్త ఆలస్యంగా మొదలైంది.

తింటున్నంతసేపూ మాటలు అటూ ఇటూ దొర్లాయి. ఎవరికి ఏ భాష వస్తే అది, రాని చోట చెయ్యి. అణ్ణ భార్య ఇద్దరు మగవాళ్ళ గురించీ ఏదో అంది, పక్షి భార్య అవునవునంది, ఇద్దరూ నవ్వారు. పక్షికి ఆ మాట అర్థం కాలేదు. అడుగుదామా అనుకున్నాడు. అడగలేదు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు కొత్త భవనం. ఇద్దరూ ఒకరి కొక్కెం ఒకరు లాగి చూసుకుని ఊయల ఎక్కారు. పొద్దుటి ఎండ అప్పుడే మొదటి వరస అద్దాల మీదికి వస్తోంది. అణ్ణ స్పాంజి ముంచుతూ, పెదవులు సున్నాలా చుట్టి "చ్చు, చ్చు, నమ్మొచ్చు" అని సాధన చేస్తున్నాడు. అద్దం వెనక బల్ల ముందు కూర్చున్నావిడ, ఈయన కుక్కపిల్లనేమైనా పిలుస్తున్నాడా అన్నట్టు లేచి వచ్చి, కిందికీ పక్కకీ వెతికి చూసింది. పక్షి ఆవిడకు చెయ్యి ఊపి, రబ్బరు పట్టీతో అద్దం మీది సబ్బు నీళ్ళను పైనుంచి కిందికి ఒక్క గీతలో లాగేశాడు.